ఇగురు కాదు, ఇగురం

దిల్‌సుఖ్‌నగర్,
ఫిబ్రవరి 11, 2025

అరుణా,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పదేళ్లు మా మేడ మీద అద్దెకున్నావు, ఏం కావాలన్నా మెట్ల దగ్గర నిలబడి కేకేస్తే పలికేదానివి. ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాక ఫోనుంది. ఇప్పుడు నువ్వేమో ఉట్నూరు అవతల ఆడపిల్లల హాస్టలుకి వార్డెనువై కూర్చున్నావు, అక్కడ సిగ్నల్ నిల్ అన్నావు. ఇక్కడ నాకు గొంతే నిల్. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. పోస్టాఫీసుకి వెళ్లి కవర్లు కొనుక్కొచ్చుకున్నాను.

పోయినేడాది గొంతులో కాయలు తీశారు కదా, అవి మళ్లీ లేచాయి. జనవరిలో మళ్లీ ఆపరేషను. ఈసారి డాక్టరు గట్టిగానే చెప్పాడు. "నేను చెప్పేదాకా మాట్లాడకండి. గుసగుస కూడా వద్దు, అది అరుపు కన్నా చేటు. ఇది కూడా చెడితే ఇక నా చేతుల్లో ఉండదు" అన్నాడు.

పాతికేళ్లు కోచింగ్ సెంటర్లో జువాలజీ చెప్పినదాన్ని. నా క్లాసులో ఎవడైనా కిసుక్కుమంటే "నవ్వు నాలుగు విధాల చేటు, లే, నిలబడు" అనేదాన్ని. పిల్లలు నాకు పెట్టిన పేరు నీకు తెలుసు, పిన్‌డ్రాప్ మేడం. ఇప్పుడు ఇంట్లో పిన్ను పడితే ఆ చప్పుడు వినేది నేనొక్కదాన్నే.

మా డైరెక్టరు రాఘవేంద్ర గారు చాలా మర్యాదగా పిలిచి కూర్చోబెట్టారు. "మేడం, ప్రస్తుతానికి ప్రశ్నపత్రాల సెక్షన్లో కూర్చోండి. జూన్‌లో కొత్త బ్యాచ్‌లకి ముందు ఒక డెమో ఇవ్వండి, అప్పుడు చూద్దాం" అన్నారు. డెమో! ఆ సెంటర్లో సగం మందికి డెమో చూసి మార్కులు వేసింది నేను. కాదనడానికి కూడా నోరు లేక తలూపి వచ్చేశాను. నిజం చెప్పనా అరుణా, భయంగా ఉంది. ఆ డెమో పోతే నేనింక బోర్డు ముందు నిలబడను. యాభై ఒకటో ఏట ఇంకేం చేతనవుతుంది నాకు? పాఠం చెప్పడం తప్ప ఏమీ నేర్చుకోలేదు.

నేను నోరు మూసుకున్నాక మా ఆయనకి నోరొచ్చింది. బ్యాంకులో లెక్కలు చూసుకునే మనిషి, పెళ్లయినప్పటి నుంచీ 'ఊఁ' తప్ప అనలేదు. ఇప్పుడు వచ్చిన వాళ్లందరికీ నా జబ్బు గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. ఆ వచ్చినవాళ్లు నాకు మాట రాదంటే చెవుడు కూడా అనుకుని నా చెవి దగ్గర అరుస్తున్నారు.

ప్రతి గురువారం మెట్రోలో ఎల్బీనగర్ వెళ్లి మీ ఇల్లు చూసుకొస్తున్నాను. కరివేపాకు కుండీ బాగానే ఉంది. మీ శ్రీనివాస్ స్కూటరు మీద దుమ్ము తుడిచాను. ఆయన పోయి రెండేళ్లవుతోంది, దాన్నింకా ఎందుకు ఉంచుకున్నావని అడగను. తుడుస్తున్నాను, అంతే.

నీ
దుర్గక్క


బాలికల హాస్టల్, ఉట్నూరు దగ్గర,
ఫిబ్రవరి 24

దుర్గక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వు మాట్లాడుతలేవంటె నమ్మబుద్ధి కాలె. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాల హారన్లు బందయినయంటె నమ్ముత గని గిది నమ్మ. మీ ఆయన, ప్రసన్న బావ, ఏ దేవునికి మొక్కిండో అడుగు, ఇక్కడ మా హెడ్‌మాస్టర్ కూడ మొక్కుతడట, ఆయన భార్య కోసం.

ఇక్కడ అంత మంచిగనే ఉన్నది. మా వంటమనిషి యాదలక్ష్మి పప్పుచారు పెడ్తది. అండ్ల పప్పుగింజ దొరికిన పోరికి ఆ దినం బర్త్‌డే. మొన్న ఒక పోరి వచ్చి "మేడం, నాకు రెండు దొరికినయి" అన్నది. కవలలు బిడ్డా, పేర్లు పెట్టుమని చెప్పిన.

నేను రాస్తుంటె ఎర్ర పెన్ను పట్టుకోని చదువుతున్నవ్ కదా? నాకెరుకే. నేను మాట్లాడినట్టె రాస్త, నీకు ఇష్టమున్నన్ని సున్నాలు పెట్టుకో.

అక్కా, ఒక్క మాట చెప్త, కోపం చేయకు. నీకు చదువున్నది, ఇల్లున్నది, మంచి మొగుడున్నడు. ఇగురం ఒక్కటే లేదు. పాతికేండ్లు ఒకటే తొవ్వల నడిచినవ్. ఇప్పుడు తొవ్వల గుంత పడ్డది. నువ్వేమో ఆ గుంత అంచున నిలబడి, ఇది సిలబస్‌ల లేదు అంటున్నవ్. జూన్ దాక టైమున్నది. జర ఇగురం నేర్చుకో. ఏడ నేర్పుతరో మాత్రం నన్ను అడగకు.

కరివేపాకు వాడుకో. స్కూటర్ జోలికి పోకు, దుమ్ముంటె ఉండని.

నీ అరుణ


దిల్‌సుఖ్‌నగర్,
మార్చి 10

అరుణా,

నీ మొహం. నా గొంతు పోయి నేనేడుస్తుంటే నీకు కూరలు గుర్తొచ్చాయా? నాకు ఇగురు వండటం రాదా? మా భీమవరం రొయ్యల ఇగురు వండిన ప్రతిసారీ మేడ మీద నుంచి గిన్నె పట్టుకుని దిగిందెవరు? శ్రీనివాస్ అయితే ఆ గిన్నెలో అన్నం కలుపుకుని మరీ తినేవాడు. అయినా 'ఇగురు'కి సున్నా ఎందుకు తగిలించావు? నువ్వన్నట్టే ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

సరే, ఒక సంగతి చెప్తాను, నవ్వితే చంపుతాను.

మెట్రో స్టేషను మెట్ల కింద, మా పోటీ సెంటర్ల బోర్డుల మధ్య ఒక పోస్టరు కనబడింది. పైన ఇంగ్లీషులో 'ఇంప్రూవ్' అని రాసి ఉంది, కానీ చివర ఉండాల్సిన 'ఇ' (e) అక్షరం లేదు. కింద తెలుగులో 'మాటలు రావా? పర్లేదు, రండి! ఆదివారాలు, నాగోల్' అని ఉంది. చూడు, మనుషుల్ని బాగుచేస్తామనే వాళ్లకి స్పెల్లింగ్ రాదు! నా ప్రాణం ఊరుకోలేదు. సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి ఆ 'ఇ' పెట్టేశాను. పెట్టాక అనిపించింది, మాటలు రాకపోయినా పర్లేదన్నారు కదా, గొంతుకి ఏదో వ్యాయామం నేర్పుతారేమో, డెమోకి పనికొస్తుంది అని.

ఆదివారం వెళ్లాను. ఒక డాన్సు స్కూలు హాలు. సంతోషి అనే అమ్మాయి నడిపిస్తోంది, నా స్టూడెంట్ల వయసు. ఓ డజను మంది గుండ్రంగా నిలబడ్డారు. పుస్తకాల్లేవు, బెంచీల్లేవు. నన్ను మధ్యలోకి తోసి "షురూ చెయ్యండి ఆంటీ" అంది. ఏం షురూ చెయ్యాలి? డాక్టరు రాసిచ్చిన చీటీ నా దగ్గరెప్పుడూ ఉంటుంది, 'ఈమె మాట్లాడకూడదు' అని. అది తీసి చూపించాను.

అది నాటకంలో భాగం అనుకున్నారే! లచ్చయ్య అని ఒక పెద్దాయన, కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడట, చటుక్కున ముందుకొచ్చి చీటీ లాక్కుని డాక్టరైపోయాడు. "నోరు తెరువమ్మా. ఆఁ... లోపలంత చీకటున్నది. ఫ్యూజు కొట్టేసింది. ఎప్పటి సంది కరెంటు లేదు? ఇంటికాడ కంప్లైంట్ ఇచ్చిండ్రా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. వెనక్కి తిరిగి గబగబా తలుపు దగ్గరికి నడిచాను. అది బయటికి తోసే తలుపు, నేను లోపలికి లాగుతున్నాను. ఎంత లాగినా రాదు. దానికీ చప్పట్లు.

అప్పుడు తెలిసింది, అది ఇంప్రూవ్ కాదట. ఇంప్రొవ్ అట. ముందు రాసుకోకుండా, అనుకోకుండా, ఎదుటివాడు ఏది ఇస్తే అది పట్టుకుని అప్పటికప్పుడు ఆడే నాటకమట. 'ఇ' లేకపోవడం తప్పు కాదట. నేను పెట్టిందే తప్పు.

మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చాక ఆ తలుపు గుర్తొచ్చి నవ్వొచ్చింది. చప్పుడు రాకుండా భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాననుకుని ఒకావిడ మంచినీళ్ల సీసా ఇచ్చింది. మళ్లీ మాత్రం ఆ వైపు వెళ్లను.

దుర్గక్క


ఉట్నూరు దగ్గర,
మార్చి 23

దుర్గక్కా,

నవ్వితె చంపుత అన్నవ్. వచ్చి చంపు.

ఇగురు కాదక్కా, ఇగురం! మా నల్లగొండ దిక్కు మాట. ఇగురం అంటె కూర కాదు. ఎట్ల చెప్పాలె... పుస్తకంల లేని తెలివి. ఉన్నదాంతోని ఎల్లదీసుకునుడు, చేయి జారినదాన్ని నేల మీద పడకముందె పట్టుకునుడు. మా అత్త సుమిత్రమ్మకు ఉండె అది. నా ఆడబిడ్డ పెండ్లిల పప్పు అడుగంటింది. గుండిగ నిండ మాడు వాసన. మా మామ నెత్తి పట్టుకోని కూసున్నడు. పిల్లగాని తరుపోళ్లు అప్పటికే విస్తర్ల ముంగట కూసున్నరు. మా అత్త కొంగు నడుముకు చుట్టి, గంటె పట్టుకోని వాళ్ల ముంగటికి పోయి "మా ఊళ్లె పొగ పెట్టిన పప్పు వియ్యాలోళ్లకే పెడ్తం, ఊరోళ్లకు పెట్టం, అది మర్యాద" అన్నది. అంతే. వాళ్లు అడిగి అడిగి పోయించుకున్నరు. ఊరోళ్లు మాకెందుకు పెట్టరని పంచాయితి పెట్టుకున్నరు. గిదీ ఇగురం అంటె.

ఆ పోరి సంతోషి నేర్పేది గదే. మంచిగ దొరికింది నీకు. మళ్ల పో.

ఈ కథ శ్రీనుకు వందసార్లు చెప్పిన. గంటె దాక వస్తె చాలు, ఇగ కథ నడవనియ్యడు, నవ్వుడే. ఆర్టీసీ బస్సుల టికెట్లు కొట్టి కొట్టి యాష్టకొచ్చి ఇంటికొచ్చేటోడు, చెప్పులు ఇడ్వకముందె "ఏమన్న చెప్పవే" అనేటోడు.

ఇగ ఉంట. బియ్యం లారీ వచ్చింది.

అరుణ


దిల్‌సుఖ్‌నగర్,
ఏప్రిల్ 13

అరుణా,

వెళ్లనన్నాను కదా. ప్రతి ఆదివారం వెళ్తున్నాను. 'నవ్విన నాపచేనే పండింది' అని ఊరికే అన్నారా!

సంతోషి దగ్గర ఒక్కటే సూత్రం. ఎదుటివాడు ఏమన్నా 'కాదు' అనకూడదు. 'అవును, ఇంకా...' అని అందుకోవాలి. పాతికేళ్లు 'కాదు, తప్పు, కూర్చో' అని బతికిన నాకు ఇది ఎంత కష్టమో ఆలోచించు. మాట లేదు కాబట్టి తలతోనే చెయ్యాలి. మొదటి రెండు వారాలు నా మెడ అడ్డంగానే తిరిగింది. "ఆంటీ, మీ మెడకు రివర్స్ గేరే ఉన్నట్టున్నది" అంది ఆ పిల్ల.

మొన్న షేర్ ఆటోలో నాగోల్ వెళ్తున్నాను. దిగాల్సిన చోటు దాటిపోతోంది. మామూలుగా అయితే తాళాలతో కమ్మీ మీద కొడతాను. ఆ రోజు పాటలు హోరెత్తిస్తున్నాడు, వినపడలేదు. ఏం చెయ్యాలి? ఫోన్లో మా సెంటరు వాళ్లు రికార్డు చేసిన నా పాత పాఠాలున్నాయి. ఒకటి తీసి, పాటకీ పాటకీ మధ్య డ్రైవరు చెవి దగ్గర పెట్టాను. "ఆపు! ఎక్కడికి పోతోంది నీ బుర్ర?" అని నా గొంతే గర్జించింది. ఆటో ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "సారీ మేడం" అన్నాడు పాపం. జగన్ అట ఆ అబ్బాయి పేరు. ఇప్పుడు నన్ను చూస్తే చాలు, పాటలు కట్టేస్తాడు.

ఇంట్లో సంగతి కూడా విను. నా వయసు ఆడవాళ్లకొచ్చే వేడి ఆవిర్లు నీకు చెప్పక్కర్లేదు. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలే. ఆయనెప్పుడూ పేపరు వెనకనుంచి "ఏసీ వెయ్యనా?" అంటాడు, వెయ్యడు. మొన్న ఆ పేపరు లాగేసి, గరిటెని మైకులా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి వాతావరణ వార్తలు నటించాను. నెత్తిమీద సూర్యుడు, కాళ్ల కింద నిప్పులు, అన్నీ చేతులతోనే. ఆయన లేచొచ్చి గరిటె అందుకున్నాడు. "దిల్‌సుఖ్‌నగర్ వంటింట్లో నలభై ఆరు డిగ్రీలు. కూరలో ఉప్పు గురించి ప్రజలెవరూ వ్యాఖ్యానించరాదని అధికారుల హెచ్చరిక" అని చదివాడు! ఈ మనిషిలో ఇది ఉందని నాకిన్నేళ్లూ తెలియదే. ఎలా తెలుస్తుంది, నేను ఆపితేగా.

ఆ పోస్టరు మీద నేను పెట్టిన 'ఇ' చెరిపేద్దామని వెళ్లాను. దానిమీద అప్పుడే ఎవరిదో కోచింగ్ సెంటరు ర్యాంకుల పోస్టరు అంటించేశారు.

హాస్టలుకి సెలవులు దగ్గరపడ్డాయిగా. ఎప్పుడొస్తున్నావు? ఇల్లు కడిగించి పెడతాను. రొయ్యలు తెప్పిస్తాను.

దుర్గక్క


ఉట్నూరు దగ్గర,
ఏప్రిల్ 29

అక్కా,

పిల్లలు ఇండ్లకు పోయిండ్రు. ఎండలు బాగున్నయి. నేను ఈ సెలవులకు వస్తలేను. స్టాకు చూసుకునేదున్నది, గోడలకు సున్నం ఏపించేదున్నది. ఇల్లు కడిగించకు, ఊకె ఎందుకు నీకు పరేషాన్.

నీ క్లాసులు మంచిగ నడుస్తున్నందుకు సంతోషం. గొంతు పైలం.

అరుణ


దిల్‌సుఖ్‌నగర్,
మే 18

అరుణా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక్క జోకు లేదు. సున్నా మార్కులు. అరుణజ్యోతి అనే మనిషి సున్నం వేయించడానికి సెలవుల్లో ఉండిపోయిందంటే నమ్మడానికి నేనేమన్నా చంటిపిల్లనా? జ్వరమా? ఎవరితోనైనా గొడవా? పాత ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మొదట్లో పేజీ నిండా జోకులు. శ్రీనివాస్ మాట ఎత్తిన ఉత్తరం నుంచీ తగ్గాయి. నేను చదువుకున్నది కప్పల గురించీ గుండెకాయ గురించీ, మనసు గురించి కాదు. కానీ ఇది నాకూ కనిపిస్తోంది. దాచకు.

నా సంగతి ఏమిటంటే, డాక్టరు కాస్త మాట్లాడటానికి ఒప్పుకున్నాడు. రోజుకి కొంచెమే, ఒక గిన్నెడు అనుకో, అది ఒలికిపోతే మర్నాటిదాకా లేదు. మొదటిసారి స్నానాల గదిలో నా పేరు పలికి చూసుకున్నాను. బాబోయ్, లోపల ఎవరో మగాడున్నాడని ఉలిక్కిపడ్డాను. తర్వాత అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇదీ నాకు మిగిలిన గొంతు.

డెమో జూన్ 16, సోమవారం. రక్తప్రసరణ పాఠం. అప్పటిదాకా గొంతుని పిసినారి డబ్బుల్లా దాస్తున్నాను. మా ఆయనతో కూడా మాట్లాడటం లేదు. ముందురోజు ఆదివారం సంతోషి దగ్గరకి కూడా వెళ్లను. ఆ గంట గనక నిలబడిందంటే నా బోర్డు నాకుంటుంది.

నువ్వు మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయి.

దుర్గక్క


ఉట్నూరు దగ్గర,
జూన్ 9

దుర్గక్కా,

ఉన్నది ఉన్నట్టు రాయిమన్నవ్. రాస్తున్న.

నన్ను ఈడికి ఎవ్వలు పంపలె. అందరికి ట్రాన్స్‌ఫర్ చేసిండ్రని చెప్పిన. నేనే అడిగి వచ్చిన. ఎల్బీనగర్‌ల ఎవ్వరింటికి పోయినా "అరుణ వచ్చింది, ఇగ నవ్వుకోవచ్చు" అంటుండ్రి. శ్రీను పోయిన మూడో నెల్లనే ఒక దావత్‌ల నన్ను నడుమ కూసోబెట్టి, ఏమన్న చెప్పు అరుణా అన్నరు. చెప్పిన. అందరు నవ్విండ్రు. నాకు మాత్రం ఏం వినబడలె. ఆయన నవ్వు ఎట్లుంటదో నీకెరుకే కదా, జోకు ఒడిసేదాక ఆగకపోతుండె, నడుమల్నె అందుకుంటుండె. ముప్పై ఏండ్లు నేను ఆ నవ్వు మీదనే నడిచిన అక్కా. అది లేకపోతె నేను చెప్పేది నాకే గోడకు చెప్పినట్టుంటది. ఆయన పోయినంక నేను ఒక్కసారి కూడ నవ్వలె. నవ్వించిన గని నవ్వలె.

ఇంకోటి. సిగ్నల్ లేదని నీకు అబద్ధం చెప్పిన. ఉన్నది. నీళ్ల ట్యాంకు మెట్ల మీద ఫుల్లు వస్తది. రోజు పొద్దుమూకి పిల్లల హాజరు ఫోన్ల ఎక్కిచ్చేటందుకు ఆడికే పోయి కూసుంట. నీకు ఉత్తరాలు ఎందుకు రాసిన్నంటె, ఉత్తరంల జోకు రాస్తె అవుతల నవ్విండ్రా లేదా వినే పని లేదు. రాసి కవర్ల పెట్టి అంటిస్తె అయిపాయె. ఆయన గురించి రాసినంక అది కూడ చేతనైతలేదు.

ఇల్లు తాళం తీసి లోపలికి రావాలంటె ఆ స్కూటర్ దాటి రావాలె. అందుకే సెలవులకు రాలె.

ఇది చదివి పరేషాన్ కాకు. ఫోన్ గిట్ల చేసేవు, అస్సలు చేయకు. ఆ గిన్నెడు గొంతు డెమోకే దాచుకో. నీ బోర్డు పోతె నేను ఊకోను.

అరుణ


దిల్‌సుఖ్‌నగర్,
జూన్ 17

అరుణా,

ఉత్తరం శనివారం అందింది. ఆదివారం సాయంత్రం నేనేం చేశానో నీకు తెలుసు. తెలిసినా నా వైపు నుంచి చెప్పాలి, వినాలి.

ఫోను పట్టుకుని కూర్చుంటే మా ఆయన "రేపు డెమో" అన్నాడు. అవును, ఇంకా ఈరోజు అరుణ ఉంది అని చేత్తో చెప్పాను. ఆయనే తన బ్యాంకు ఫోన్లో, నీకు తెలియని నంబరు నుంచి, కలిపి ఇచ్చాడు.

నిజానికి బుద్ధులు చెబుదామనుకున్నాను. ధైర్యంగా ఉండు, కాలమే మందు, ఇలాంటివి నాలుగు మనసులో రాసుకున్నాను కూడా. నువ్వు ఫోనెత్తావు. నేను "హలో" అన్నాను. నువ్వు "ఎవరు సార్?" అన్నావు.

సార్! ఒక్క క్షణం ఫోను పెట్టేద్దామనుకున్నాను. తర్వాత సంతోషి మాట గుర్తొచ్చింది. ఇచ్చింది పారేయొద్దు, పట్టుకో. నువ్వు నాకు సార్‌ని ఇచ్చావు. రాసుకున్న బుద్ధులన్నీ వదిలేసి, "జిల్లా ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. అరుణజ్యోతి గారేనా?" అన్నాను. నువ్వు మెట్ల మీద నుంచి లేచి నిలబడిన చప్పుడు నాకు వినిపించింది. "అవును సార్, నమస్తే సార్." "మీ హాస్టల్లో బియ్యం ఉంది, పప్పు ఉంది, జోకుల స్టాకు మాత్రం ఏప్రిల్ నుంచి నిల్ అని రిపోర్టు వచ్చింది. దీనికి మీ సంజాయిషీ?" "సార్... ఏం స్టాకు సార్?" "ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాం. మా వెంట ఎర్ర పెన్ను..."

అంతే కదా నేను అనగలిగింది. తర్వాత నన్ను మాట్లాడనిచ్చావా నువ్వు? ఆ నవ్వు! ఆ తర్వాత ఏడుపు, ఆ తర్వాత మళ్లీ నవ్వు. నేనూ నవ్వాను, చప్పుడుతోనే. డాక్టరు చూస్తే తన్నేవాడు. చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం. గిన్నె కాదు, కుండే బోర్లించేశాను.

సోమవారం పొద్దున లేచేసరికి గాలి తప్ప ఏమీ రాలేదు. తెల్లవారుతూనే డాక్టరుకి ఫోను చేసి ఆయన చేత తిట్లు తిన్నాడు మా ఆయన, నా బదులు. పోవడం అయితే పోలేదట, వారం నోరెత్తకపోతే మళ్లీ వస్తుందట. కానీ డెమో వారం ఆగదుగా.

వెళ్లాను. కొత్త పిల్లలు, వెనక బెంచీలో రాఘవేంద్ర గారు మార్కుల కాగితంతో. బోర్డు మీద 'గుండె' అని రాశాను. నోరు తెరిచాను, మూసుకున్నాను. అప్పుడు సుమిత్రమ్మ గారు గుర్తొచ్చారు, కొంగు నడుముకి చుట్టుకుని. నేనూ చుట్టాను.

బెంచీలు వెనక్కి జరిపించి, సుద్దముక్కతో నేలమీద నాలుగు గదులు గీశాను. గది గుమ్మాల్లో ఇద్దరేసి ఆడపిల్లల్ని నిలబెట్టి, చేతులు ఎటు తెరవాలో చూపించాను. అవి కవాటాలు. ఒక కుర్రాడి మెడలో నీలం బ్యాగు తగిలించి గదిలోకి తోశాను. వాడు వెళ్లి, మళ్లీ వెనక్కి రాబోయాడు. గుమ్మంలో పిల్ల చేతులు అడ్డం పెట్టి "రాంగ్ రూట్! చలానా కట్టు!" అంది. క్లాసంతా గొల్లుమంది. పూర్వం అయితే నిలబెట్టేదాన్ని. తలూపాను, అవును, ఇంకా? "ఇంకా ఊపిరితిత్తులకి పోవాలి మేడం" అని ఇంకొకడు అరిచాడు. ఊపిరితిత్తులు ఎవరు? నేను వెనక బెంచీకి వెళ్లి రాఘవేంద్ర గారిని చెయ్యి పట్టుకుని లేపాను. ఆయనకి పొట్ట బాగానే ఉంది, ఊపిరి పీలుస్తూ వదులుతూ నిలబడితే అచ్చం సరిపోయారు. నీలం బ్యాగులు ఆయన దగ్గరికి వెళ్లి ఎర్ర చున్నీలు వేసుకుని తిరిగొచ్చాయి. పాఠమంతా వాళ్లే చెప్పారు. తప్పు చెప్పినప్పుడు గుండె ఆగిపోయినట్టు నేను నేలమీద కూలబడ్డాను. వాళ్లే సరిచేసి నన్ను లేపారు.

అయ్యాక రాఘవేంద్ర గారు చెమట తుడుచుకుంటూ, "మేడం, రెండు పక్క క్లాసుల నుంచి గొడవగా ఉందని కంప్లైంట్లు వచ్చాయి" అన్నారు. పిన్‌డ్రాప్ మేడం మీద గొడవ కంప్లైంటు! తర్వాత, "పెద్ద బ్యాచ్‌లు ఇవ్వలేను. గంటలు గంటలు మీ గొంతు తట్టుకోదు. తొమ్మిది, పదో తరగతి పిల్లలకి ఫౌండేషన్ బ్యాచ్ ఉంది, వారానికి మూడు రోజులు. అది మీ స్థాయి కాదనుకోండి..." అని నసిగారు. చీటీ మీద రాసిచ్చాను, 'అవును, ఇంకా ఒక మైకు కావాలి' అని. వంద మంది ముందు నిలబడే క్లాసులు ఇక లేవు. దానికి బాధ ఉంది, లేదనను. కానీ బోర్డు ఉంది.

దుర్గక్క


ఉట్నూరు దగ్గర,
జూన్ 25

దుర్గక్కా,

ఊపిరితిత్తుల సంగతి యాదలక్ష్మికి చదివి వినిపిచ్చిన. చారుల గంటె జారిడిసింది. ఆ చారుల పడ్డ గట్టి వస్తువు అదొక్కటే.

ఫోన్ల నీకు చెప్పంది ఒకటున్నది. నేను ట్యాంకు మెట్ల మీద గట్ల నవ్వుతుంటె కింద బువ్వకు లైన్ల నిలబడ్డ పిల్లలందరు పళ్లాలు పట్టుకోని ఉరికొచ్చిండ్రు. మేడంకు ఏమయిందని. ఒక చిన్న పోరి మెల్లగ "మేడం నవ్వుతున్నది" అన్నది. ఇన్ని నెలలు వాళ్లను నవ్విచ్చిన గని, నేను నవ్వంగ వాళ్లు చూడలె. ఆ పోరి అనేదాక అది నాకు కూడ ఎరుక లేదు.

ఆ రాత్రి పండుకుంటె యాదికొచ్చింది. నువ్వు 'ఎర్ర పెన్ను' అన్నవ్ కదా, దాని ఎనక ఇంకేదో చెప్పబోయినవ్. అసలు జోకు అదేనేమో. నేను విననే లేదు. నువ్వు చెప్పకముందె, నడుమల్నె అందుకున్న. ఆయన లెక్కనే.

ఆ నవ్వు యాడికి పోలేదక్కా. నాకాడనే ఉన్నది.

ఆషాఢంల బోనాలకు వస్తున్న. నాలుగు దినాలు లీవు పెట్టిన. ట్రాన్స్‌ఫర్ సంగతి తర్వాత చూద్దాం, ఈ పిల్లలను ఇప్పుడే ఇడిచిపెట్టబుద్ధి అయితలేదు. నువ్వు తాళాలు పట్టుకోని ఎల్బీనగర్ మెట్రో కాడ ఉండు, ఒక్కదాన్నే గేటు తీయలేను. స్కూటర్ మాత్రం అప్పటిదాక తుడవకు, దుమ్ము పట్టనియ్యి. నేనే తుడుస్త.

నువ్వు మాట్లాడకున్నా సరే. రొయ్యల ఇగురు వండు, ఉప్పు గురించి నేనేం వ్యాఖ్యానించ.

నీ
అరుణ